ఇడుక్కి డ్యామ్‌కి గేట్లు ఏవి?

సాగర్ కుర్రాడు:
పుట్టి పెరిగింది నాగార్జునసాగర్‌లో. డ్యామ్ అంటే నాకు 26 గేట్లు, అవి ఎత్తినప్పుడు మొహం మీద పడే తుంపర. పోయిన నెల కేరళలో మున్నార్ నుంచి ఇడుక్కి వెళ్లాం. రెండు కొండల మధ్య విల్లులా వంగిన గోడ, అంతే. గేట్లు లేవు, కింద పవర్‌హౌస్ లేదు. మా ఆవిడ "సగంలో వదిలేశారా?" అంది. సాగర్ వాణ్నయ్యుండి నోరు మెదపలేకపోయాను. ఎవరైనా చెప్పండి.

ఆలువ అన్నయ్య:
గేట్లు ఉన్నాయి తమ్ముడూ, పక్క డ్యామ్‌కి. ఇడుక్కి, చెరుతోణి, కుళమావు మూడూ కలిసి ఒకే రిజర్వాయర్‌ని ఆపుతున్నాయి. షట్టర్లు చెరుతోణికి, అయిదు.

సాగర్ తన బరువుతో నీళ్లను ఆపుతుంది. ఇడుక్కిది వేరే లెక్క. పాత రైలు వంతెన కమానుని పక్కకి పడుకోబెట్టినట్టు అనుకో. నీళ్లు నెట్టేకొద్దీ ఆ ఒత్తిడి అటు కురవన్ కొండకి, ఇటు కురత్తి కొండకి పోతుంది. అందుకే దాదాపు 169 మీటర్ల ఎత్తున్నా గోడ సన్నం.

పవర్‌హౌస్ మూలమట్టం అనే ఊళ్లో, భూగర్భంలో ఉంది. 780 మెగావాట్లు. 1976లో ఇందిరా గాంధీ ప్రారంభించారు. అసలు తమాషా ఏంటంటే, కరెంటు తీశాక ఆ పెరియార్ నది నీళ్లు మళ్లీ పెరియార్‌లో కలవవు. తొడుపుళ నదిలోకి పోతాయి. అక్కడి నుంచి మలంకర డ్యామ్, కాలువలు, పొలాలు.

చెరుతోణి షట్టర్లు ఎత్తితే మాత్రం నీళ్లు పెరియార్‌లోనే దిగి నేరుగా మా ఆలువకే. 2018 ఆగస్టు 9న, 26 ఏళ్ల తర్వాత ఎత్తారు. అసలు వరద ఆ తర్వాతి వారం. ఇడుక్కి ఒక్కటే కారణం కాదు, వాన అలాంటిది. బియ్యం బస్తా అటక మీదకి ఎక్కించి, బైక్‌ని వరండా స్తంభానికి కట్టేసి మేడ మీదకి పోయాం. వారానికి దిగి చూస్తే బైక్ ఉంది, సీటు నిండా ఒండ్రు.

కుమిలి డ్రైవర్:
శబరిమల సీజన్‌లో మనవాళ్లూ ఇదే అడుగుతారు. పైన ముల్లపెరియార్ డ్యామ్ సంగతి మరిచారు. 1895 నాటిది, దాని నీళ్లు తమిళనాడుకి. అది నిండి వదిలితే ఇడుక్కిలోకే. శ్రీశైలం గేట్లెత్తితే మీ సాగర్‌కి వచ్చినట్టే.

సాగర్ కుర్రాడు:
థాంక్స్ అన్నయ్యా. అంటే ఇడుక్కి గోడ దాకా వెళ్లింది ఆ షట్టర్ల మీదుగానే అన్నమాట! కిందకి ఒక్కసారి కూడా వంగి చూడలేదు. ఇంట్లో ఎలా చెప్పాలో చూడాలి.