లైబ్రరీ సభ్యులకు సినిమా స్ట్రీమింగ్: బడ్జెట్ నెల మధ్యలోనే అయిపోకుండా ఎలా?

ప్రశ్న: అమెరికాలో చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీ. వీడియోకి నెలకు 900 డాలర్లే ఉన్నాయి. లైబ్రరీ కార్డుతో సినిమాలు చూడనిచ్చే ఆన్‌లైన్ సేవల్లో హూప్లా పెట్టాలా, కానొపీనా? ఖర్చుకి కళ్ళెం ఎలా వేయాలి?

జవాబు 1: రెండూ వాడకాన్ని బట్టి డబ్బు తీసుకునేవే అండి, ఆదరణ పెరిగితే బిల్లూ పెరుగుతుంది. 2019 జూలై 1న న్యూయార్క్ నగరంలోని మూడు లైబ్రరీ వ్యవస్థలూ ఖర్చు కారణంగానే కానొపీ ఆపేశాయి. హూప్లాలో అయితే రోజువారీ పరిమితి పెట్టండి. 900ని 30తో భాగిస్తే రోజుకు 30 డాలర్లు. ఒక్కో అరువుకు సగటున రెండున్నర అనుకుంటే 12 అరువులు, అంతే. ఒక్కరే అన్నీ వాడేయకుండా కార్డుకు నెలకు నాలుగైదు చాలు.

జవాబు 2: పై లెక్క సరే, కానీ రాత్రి ఎనిమిదికి బోరో (అరువు తీసుకునే బటన్) నొక్కితే "ఈరోజు పరిమితి అయిపోయింది" అని వస్తుంది. సభ్యులు కార్డు పాడైందనుకుని కౌంటర్‌కి వస్తారు. అర్ధరాత్రి దాటాక మళ్ళీ ప్రయత్నించమని ముందే కౌంటర్ దగ్గర రాసి అంటించండి. హూప్లాలో సినిమా గడువు 72 గంటలు, ముందే తిరిగిచ్చినా ఆ నెల లెక్కలో అరువు వెనక్కి రాదు. కానొపీలో టికెట్లు (సినిమా చూస్తే ఖర్చయ్యేవి) ఒకటో తేదీన కొత్తగా వస్తాయి, మిగిలినవి తర్వాతి నెలకు కలవవు.

జవాబు 3: లాగిన్ సంగతి మరవద్దు. కార్డు నంబర్ మొదటి అంకెలు మాత్రమే సరిచూస్తే గడువు తీరిన కార్డులూ లోపలికి వచ్చేస్తాయి, ఆ బిల్లు మీదే. సిప్2 (బయటి సేవ మీ లైబ్రరీ సభ్యుల రికార్డును అడిగి చూసుకునే పద్ధతి) ద్వారా సభ్యత్వం, గడువు రెండూ తనిఖీ అయ్యేలా చూడండి.