కైఫియత్తుల మీద నాలుగు సంస్థల పరిశోధక బృందం: సారథిగా దరఖాస్తు ఎలా వేయాలి?

కుందేటిగట్టు (ప్రశ్న)

నమస్కారం అండీ. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రెగ్యులర్ పోస్టే. పీహెచ్‌డీ అయి ఆరేళ్ళయింది. మెకంజీ కైఫియత్తుల్లో (కంపెనీ కాలంలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ళ స్థానిక చరిత్రల్లో) కడప, కర్నూలు వైపు చెరువులు, కాలవలు, వాటికిచ్చిన మాన్యాల ప్రస్తావనలను ఒక బృందంగా చదవాలని ఆలోచన. అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు రాత చదివే పని నాది. ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఒక సీనియర్ చరిత్ర ప్రొఫెసర్, పటాలు గీసే భూగోళశాస్త్రం ఆయన ఒకరు, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ నుంచి భాషాశాస్త్రం చదివిన ఆవిడ కలుస్తామన్నారు. ఐసీఎస్ఎస్ఆర్‌కి (భారత సమాజశాస్త్ర పరిశోధన మండలికి) వేద్దామనుకుంటున్నాం: రెండేళ్ళు, సుమారు 20 లక్షలు. ప్రాజెక్టు డైరెక్టర్‌గా నా పేరే పెట్టమని అందరూ అంటున్నారు.

సందేహాలు ఇవీ. సీనియర్ ప్రొఫెసర్ ఉండగా నా పేరు పైన ఉంటే కమిటీకి ఎబ్బెట్టుగా ఉంటుందా? తెలుగు శాఖ అనగానే "ఇది సాహిత్యం, మా పరిధి కాదు" అని పక్కన పెట్టేస్తారా? బడ్జెట్ ఎంత విడమరిచి రాయాలి? జర్మనీలో ఉన్న ఒక తెలుగు పరిశోధకుడు కూడా చేరతానంటున్నాడు, ఆయన పేరు ఉంటే బలమా?

తాటాకు

ముందు రెండో సందేహం చూద్దాం, మిగతావి దాన్ని బట్టే తేలతాయి. శాఖ పేరు చూసి ఎవరూ పక్కన పెట్టరు, ప్రశ్న చూసి పెడతారు. "కైఫియత్తులను సేకరించి, పరిష్కరించి, విశ్లేషించడం" అని లక్ష్యం రాస్తే అది సంపాదకత్వం అవుతుంది. మంచి పనే, కానీ సమాజశాస్త్ర మండలి డబ్బిచ్చే పని కాదు. అదే "దశబంధం మాన్యం (చెరువు కట్టి బాగుచేసేవాళ్ళకిచ్చే మాన్యం) ఉన్న చెరువుల మరమ్మతు బాధ్యత ఎవరి చేతిలో ఉండేది, ఈస్టిండియా కంపెనీ జమాబందీ (శిస్తు ఏర్పాటు) వచ్చాక అది ఎవరి చేతికి మారింది" అని అడిగారనుకోండి, అప్పుడు కైఫియత్తు మీ ఆధారం అవుతుంది, చెరువు మీ విషయం అవుతుంది. భాష, చరిత్ర, భూగోళం మూడూ ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

చాలా ఉమ్మడి దరఖాస్తులు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. నలుగురి పేర్లుంటాయి, నాలుగు అధ్యాయాలుంటాయి, ఎవరి అధ్యాయం వాళ్ళు రాస్తారు. కమిటీలో ఎవరో ఒకరు "ఇవి నాలుగు చిన్న ప్రాజెక్టులు కదా, ఒకటిగా ఎందుకు?" అని అడుగుతారు. దానికి జవాబు దరఖాస్తులోనే ఉండాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ నెలలో, ఏది వెళ్తుందో రాయండి. ఉదాహరణకు: 4వ నెల చివరికి మీరు 100 పుటల శుద్ధప్రతి భాషాశాస్త్రం ఆవిడకి ఇస్తారు, ఆవిడ రెవెన్యూ మాటల పట్టిక 6వ నెలకు తయారుచేస్తారు, ఆ పట్టిక లేకపోతే చరిత్ర ఆయనకు మాన్యాల వర్గీకరణ మొదలుకాదు, ఊరిపేర్లు ఖాయం కాకపోతే పటాల ఆయన చేతికి పని రాదు. ఒకరు ఆగితే ఎవరు ఆగిపోతారో కనిపించేలా ఉండాలి. దాన్ని దాచకుండా, ఆగితే ఏం చేస్తారో కూడా రెండు వాక్యాలు రాయండి.

ఇంకో మాట, నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. నలుగురూ నింపబోయే పట్టికను దరఖాస్తు వేయకముందే ఖాయం చేసుకోండి. ఊరు, సంపుటం, పుట, రాసినట్టే తేదీ, మార్చిన తేదీ, చెరువు పేరు రాసినట్టే, ఇప్పటి పేరు, మాన్యం రకం, ఎవరికిచ్చారు, సందేహం. ఈ పది గళ్ళు చాలు. "రాసినట్టే తేదీ", "మార్చిన తేదీ" అని రెండు ఎందుకంటే, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) 1221కి 590 కలిపి 1811 అని ఒకరు వేస్తారు. ప్రజోత్పత్తి, శక 1733 అని ఉన్నదానికి 78 కలిపి ఇంకొకరూ 1811 అనే వేస్తారు. రెండూ ఒకే ఏడాది కావు. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, ఫసలీ జులైలో మొదలవుతుంది. కాబట్టి ఫసలీ 1221 చివరి మూడు నెలలూ ప్రజోత్పత్తి తర్వాతి ఆంగీరసలో పడతాయి. మొదట్లో తేల్చుకోకపోతే 18వ నెలలో వందల వరసలు మళ్ళీ తిరగేయాలి. అసలు రాతను చెరపకుండా పక్కన ఉంచుకుంటే ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు.

ఆ పట్టికలో ఒక్క చెరువు నింపి జతచేయండి. పోరుమామిళ్ల చెరువు దీనికి బాగుంటుంది. 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినట్టు, వెయ్యిమంది రెండేళ్ళు పనిచేసినట్టు, చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, తప్పించాల్సిన 6 దోషాలు ఇవీ అని అందులో చెక్కారు. కట్టిన తేదీ రాతి మీద ఉన్న చెరువుకి నాలుగు వందల ఏళ్ళ తర్వాతి స్థానిక రికార్డులు ఏం చెబుతున్నాయో, ఇవాళ నేల మీద ఏముందో ఒక్క పేజీలో చూపిస్తే, ఇరవై పేజీల పూర్వపరిశోధన సమీక్ష కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

ఇక సీనియారిటీ. నియమం ప్రకారం పీహెచ్‌డీ ఉన్న రెగ్యులర్ అధ్యాపకుడు డైరెక్టర్ కావచ్చు. మూలప్రతులు చదివేది మీరు, పని మొదలయ్యేది మీ దగ్గర, కాబట్టి మీ పేరు పైన ఉండటం సహజమే. కాకపోతే "ప్రొఫెసర్‌గారి మార్గదర్శకత్వంలో" అన్న వాక్యం మాత్రం ఎక్కడా రాయకండి. గౌరవం కోసం రాసే ఆ ఒక్క మాటతో, అసలు నడిపేది ఎవరన్న అనుమానం వస్తుంది. ఆయన్ను కో-డైరెక్టర్‌గా పెట్టి, ఆయన ఏ భాగానికి జవాబుదారీయో స్పష్టంగా రాయండి.

పద్దుపుస్తకం

బడ్జెట్ గురించి. ఐసీఎస్ఎస్ఆర్ మార్గదర్శకాల్లో పద్దులవారీ పరిమితులు ఉంటాయి: సిబ్బందికి 45 శాతం, క్షేత్రపర్యటనకు 35, పరికరాలు–పుస్తకాలకు 10, కంటింజెన్సీకి (చిల్లర ఖర్చులకు) 5, నివేదిక ప్రచురణకు 5. సంస్థకిచ్చే ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చు) దీనికి అదనం. మీరు వేసే ఏడాది నోటిఫికేషన్‌లో ఈ అంకెలను, జీతాల రేట్లను ఒకసారి సరిచూసుకుని అప్పుడు లెక్క కట్టండి.

20 లక్షల్లో 45 శాతమంటే 9 లక్షలు. పరిశోధన సహాయకుడికి నెలకు 37 వేలు అనుకుంటే 24 నెలలకు 8,88,000. మిగిలేది 12 వేలు. అంటే పూర్తికాలం ఒక్కరే వస్తారు, రెండో మనిషికి దారి లేదు. ఈ లెక్క చూడకుండా "ఇద్దరు సహాయకులు, ఇద్దరు క్షేత్ర పరిశోధకులు" అని రాసేవాళ్ళు చాలామంది. డబ్బు కోత పడటం అటుంచి, సారథికి లెక్క రాదని ముద్ర పడుతుంది.

ఆ ఒక్క మనిషి ఎంత చేయగలడో కూడా కొలవాలి. ఇప్పుడే పది పుటలు తీసుకుని గడియారం పెట్టుకుని ఎత్తి రాయించండి. పుటకి గంటన్నర పట్టిందనుకుందాం. 600 పుటలకు 900 గంటలు. మళ్ళీ సరిచూడటానికి అందులో సగం, 450. మొత్తం 1350 గంటలు. రోజుకి ఆరు గంటల చొప్పున 225 పనిదినాలు, నెలకి 22 రోజులనుకుంటే పది నెలలు దాటుతుంది. గొలుసుకట్టు రాత అలవాటు కావడానికి పట్టే రోజులు ఇందులో లేవు. కాబట్టి 1500 పుటలు చేస్తామని రాయకండి. 600 రాసి, ఎందుకు 600ఓ ఈ లెక్కే కింద వేయండి.

సహాయకుణ్ణి మీకు తెలిసినవాళ్ళలోంచి నేరుగా తీసుకోవడానికి వీల్లేదు. ప్రకటన, ఎంపిక కమిటీ, ఉత్తర్వు అన్నీ ఉండాలి. ఇవి పూర్తయ్యేసరికి రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. పనుల పట్టికలో మొదటి రెండు నెలలూ దీనికీ, చెన్నై, హైదరాబాద్ గ్రంథాలయాల అనుమతులకీ కేటాయించండి. మొదటి నెల నుంచే శుద్ధప్రతి అని రాస్తే మొదటి నివేదికలోనే వెనకబడతారు.

ఇంకో రెండు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకి వాడాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలి. వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల) 12-ఎ నమూనాలో ఇవ్వాలి, ఖాతాలో పడ్డ వడ్డీ తిరిగి కట్టాలి. మీ ఫైనాన్స్ ఆఫీసులో ఈ పని చూసే గుమాస్తాగారిని దరఖాస్తుకి ముందే ఒకసారి కలవండి. తర్వాతి విడత డబ్బు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఈ కాగితం దగ్గరే. భాగస్వామి సంస్థలకు డబ్బు పంచి పంపే పద్ధతి పెట్టుకోకండి. మొత్తం మీ విశ్వవిద్యాలయం ఖాతాలోనే ఉంచి, వాళ్ళ ప్రయాణం ఖర్చులు బిల్లుల మీద ఇవ్వండి. నాలుగు చోట్ల ఖాతాలైతే నాలుగు ఆడిట్లు, అందులో ఆఖరున వచ్చేదాని కోసం మిగతా మూడూ ఆగాలి.

రైన్‌నదిపక్క

జర్మనీ మిత్రుడి సంగతి. పేరు కోసం అయితే వద్దండి. ఆయన చేసే పని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే పెట్టండి: ఫలానా నెలలో పట్టికను సరిచూస్తాడు, లండన్‌లోని మెకంజీ కాగితాల్లో ఫలానావి పోల్చి చూస్తాడు, ఇలా. ఆ వాక్యం రాయలేకపోతే సలహాదారుగా ఉంచండి, డబ్బు పద్దుల్లోకి తేకండి.

యూరప్ నిధుల మీద ఆశ ఉంటే ఇప్పుడే తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. ఇఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) సినర్జీ గ్రాంటుకి ఇద్దరి నుంచి నలుగురు వరకు ముఖ్య పరిశోధకులు కలిసి వేస్తారు. ఆరేళ్ళకు కోటి యూరోల దాకా. 2019 నుంచి వాళ్ళలో ఒకరు యూరప్ బయటి సంస్థలో ఉండొచ్చు, కానీ అధికారికంగా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే సారథి మాత్రం యూరప్ సంస్థలోనే ఉండాలి. అంటే మీరు బృందంలో ఉండగలరు, ముందు నిలబడలేరు. అక్కడ కూడా సమీక్షకులు నిలదీసి అడిగేది తాటాకు గారు చెప్పిన ప్రశ్నే: ఈ పని ఒక్కరు ఎందుకు చేయలేరు?

విదేశీ డబ్బు నేరుగా మీ దగ్గరికి వచ్చే మాటైతే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) చూసుకోండి. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది. మీ ప్రైవేటు కాలేజీ భాగస్వామికి అది వర్తించదు. పైగా 2020 సవరణ తర్వాత, నమోదు ఉన్న సంస్థ కూడా అలా వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఇక్కడి యూరప్ విశ్వవిద్యాలయాల ఆఫీసులకి ఈ నియమం తెలియక, భారతీయ భాగస్వాములకు వాటాలు వేసి దరఖాస్తు రాస్తుంటారు. తీరా మంజూరయ్యాక ఆ వాటా కదలదు.

కుందేటిగట్టు

చాలా కృతజ్ఞతలు అందరికీ. ఇంకో రెండు అడుగుతాను. ప్రైవేటు కాలేజీ ఆవిడకి ఒప్పందపత్రం అవసరమా, లేక ప్రిన్సిపల్ ఉత్తరం చాలా? గ్రంథాలయం అనుమతి పత్రం గడువులోగా రాకపోతే ఏం చేయాలి? ఇంకా, కడపలోని బ్రౌన్ కేంద్రంవాళ్ళు కడప జిల్లా కైఫియత్తులు ఇప్పటికే అచ్చు వేశారు కదా, "ఇంకా మీరు కొత్తగా చేసేదేముంది" అని అడిగితే?

తాటాకు

ఒప్పందపత్రం మంచిదే, కానీ దాని మీద రెండు పక్కలా సంతకాలు అయ్యేసరికి గడువు దాటిపోతుంది. దరఖాస్తుకి ప్రిన్సిపల్ ఉత్తరం చాలు. అందులో మూడు మాటలు మాత్రం తప్పకుండా ఉండాలి: వారానికి ఎన్ని గంటలు ఈ పనికి వదులుతారు, క్షేత్రపర్యటన రోజులను డ్యూటీగా పరిగణిస్తారా, రెండేళ్ళలోపు ఆవిడ ఉద్యోగం మారితే కాలేజీ ఇంకొకరిని ఇస్తుందా. "మా సంపూర్ణ సహకారం ఉంటుంది" అని ముగిసే ఉత్తరానికి విలువ లేదు. మీరే ముసాయిదా రాసి పంపండి, సంతకం పెట్టించుకోండి.

అనుమతి రాకపోతే, అడిగిన ఉత్తరం, అందినట్టు వాళ్ళు వేసిన ముద్ర రెండూ జతచేయండి. ఆ పక్కనే అచ్చులో ఉన్న సంపుటాలతో మొదటి ఆరునెలలూ ఏ పని నడుస్తుందో రాయండి. అచ్చు సంపుటాలు మీకు అడ్డం అనుకోకండి, అవే మీకు పెద్ద అండ. ఉన్నాయని దాచిపెట్టినవాళ్ళే కమిటీ ముందు చిక్కుల్లో పడతారు. కైఫియత్తుల్లో మన చేతికి వచ్చేవి చాలావరకు తర్వాత ఎత్తి రాసిన ప్రతులు. పాడైపోతున్న మూలాలను 19వ శతాబ్దంలో బ్రౌన్ ఎత్తి రాయించాడు. అక్కడ ఒక పొర, అచ్చులో ఇంకో పొర. కాబట్టి "అచ్చయిన పాఠంలో మాన్యాల పేర్లు, అంకెలు, తేదీలు ఉన్నచోట్ల మాత్రమే రాతప్రతితో సరిచూస్తాం, తక్కినది అచ్చునుంచే తీసుకుంటాం" అని రాయండి. పద్దుపుస్తకం గారు చెప్పిన 600 పుటలు ఏవో దీంతో తేలిపోతుంది, ఆ సంఖ్యకు కారణమూ దొరుకుతుంది.

ముఖాముఖిలో అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి, రాతప్రతికీ అచ్చుకీ తేడా వచ్చిన ఒక పుటతో ఒక స్లైడు దగ్గర ఉంచుకోండి. పైన రాతప్రతి ఫోటో, కింద మీ శుద్ధప్రతి, పక్కన అచ్చు పాఠం. గొలుసుకట్టులో కలిసిపోయిన అక్షరాలను ఎక్కడ విడదీశారో ఎర్రగీతతో చూపించండి. కమిటీలో తెలుగు రానివాళ్ళే ఎక్కువ ఉండొచ్చు, ఆ గీతను బట్టి వాళ్ళకూ అర్థమవుతుంది.

పద్దుపుస్తకం

ఒకటి మరిచాను. ఆన్‌లైన్‌లో నింపాక సంస్థాధిపతి సంతకం, ముద్రతో కాగితం ప్రతి కూడా అడుగుతారు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైలు కదలడానికి పది పనిదినాలు పెట్టుకోండి. సెలవుల వారం తగిలితే పదిహేను.