సమస్య: “మంట తగిలి యీగ మనియె మిగుల”

నిర్వాహకుడు: బెంగళూరు సభ్యులకు ఈ వారం ఇచ్చిన సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ఈగ అంటే అరటిపళ్ళ గంప మీద ముసిరే డ్రోసోఫిలా అనుకోండి. వేడి తగిలినప్పుడు దాని లాలాజల గ్రంథుల క్రోమోజోములు కొన్ని చోట్ల ఉబ్బుతాయని ఫెరూచియో రిటోస్సా 1962లో ప్రకటించారు; వేడి తగిలినప్పుడు కణాన్ని కాపాడే ఉష్ణఘాత ప్రోటీన్ల (హెచ్‌ఎస్‌పీల) కథ అక్కడ మొదలైంది.

మల్లేశ్వరం సభ్యుడు:
చీకటింటి లోన చిన్నదీపము వెల్గ
శలభ మీగ వచ్చె జంటగాను;
వెలుగు మెచ్చి చేరి వెఱ్ఱి శలభ మీల్గె
మంట తగిలి, యీగ మనియె మిగుల.

నిర్వాహకుడు: విరుపు ముచ్చటగా ఉంది, యతులు కుదిరాయి. అయితే ఈగకు వేడే సోకలేదు కనుక విషయం పక్కకు పోయింది.

జయనగర్ సభ్యురాలు:
కొద్ది సెగకు కణము కూర్చు రక్షకములు
మడత చెడిన వాని మరల దిద్ది
పిదప గొప్ప సెగకు బెదరక నిలువంగ
మంట తగిలి యీగ మనియె మిగుల.

హెబ్బాళ సభ్యుడు: “మడత చెడిన వాని” అంటే ఆకారం చెడిన ప్రోటీన్లని తెలిసినవారికే తెలుస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, మూడవ పాదం వేడిని తట్టుకోవడం గురించి చెబుతుంటే సమస్య ఆయువు గురించి అడుగుతోంది. ఈ రెండూ ఒకటి కావు. హెచ్‌ఎస్‌పీ 70 అనే ఉష్ణఘాత ప్రోటీను జన్యుప్రతులు అదనంగా ఉన్న ఈగలకు కొద్దిపాటి వేడి చూపితే, ఆ తరువాత మామూలు ఉష్ణోగ్రతలో కూడా కొంతకాలం మరణాల రేటు తగ్గిందని 1997లో తేలింది. పద్యంలో రావలసింది ఆ “తరువాత”.

జయనగర్ సభ్యురాలు: అంగీకరిస్తున్నాను. సవరించిన పూరణ:
ముదిమి దరికి రాక ముందుగా సెగ సోక
కణపు శక్తి గృహము కాచు నణువు
పుట్టి దిద్దు పనుల పూనిక నడిపింప
మంట తగిలి యీగ మనియె మిగుల.

హెబ్బాళ సభ్యుడు: “శక్తి గృహము” మైటోకాండ్రియా, “అణువు” అందులో పనిచేసే హెచ్‌ఎస్‌పీ 22 అని గ్రహించాను. దానిని అధికంగా తయారు చేయించిన ఈగలు 30 శాతానికి పైగా ఎక్కువ కాలం బ్రతికాయని 2004లో కెనడా పరిశోధకులు చూపగా, అదే ఏడాది మరొక బృందం వేరే పద్ధతిలో ఆ ప్రోటీనును పెంచితే ఆయువు తగ్గింది. పైగా ముసలి ఈగలలో అది దానంతటదే పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడు, ఎంత అన్నది తేల్చకుండా “మిగుల” అనడం నాకు కొంచెం తొందరగానే తోస్తుంది.

నిర్వాహకుడు: “మిగుల” నేనిచ్చిన పాదంలోనిది, ఆ తప్పు కవయిత్రిది కాదు. “ముందుగా” అన్న మాటతో ఎప్పుడు అన్నదానికి ఆమె సమాధానమిచ్చారు కనుక ఈ పూరణను స్వీకరిస్తున్నాను. ఎంత అన్నదానిని పద్యంలోకి తేగలిగినవారు ఆదివారం లోగా పంపవచ్చు.