పచ్చళ్ళకి పేరు మార్చాలా, ఉన్నదే ఉంచాలా?

అందరికీ నమస్కారం. మాది తణుకు. అత్తయ్యా నేనూ నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కారప్పొడులు చేసి అమ్ముతున్నాం. మొదట్లో సీజనంతా కలిపి 20 కిలోలు పోతే గొప్ప. ఈ వేసవిలో ఆవకాయే 300 దాటింది.

సీసా మీద ‘ఇంటి పచ్చళ్ళు’ అని వేస్తాం. ఇప్పుడు పక్క వీధిలో ఒకరు అదే పేరు, అదే ఎర్ర లేబుల్‌తో మొదలుపెట్టారు. వాళ్ళ సీసా నూనె కారిందని తిట్లు మాకొచ్చాయి!

ఇలాంటి మామూలు మాటలకి ట్రేడ్‌మార్క్ రావడం కష్టమని ఆడిటర్ గారన్నారు. పైగా ట్రేడ్‌మార్క్‌కి సరుకు రకాన్ని బట్టి క్లాసులుంటాయట; పచ్చళ్ళకి 29, పొడులకి 30, రెండు క్లాసుల్లో దరఖాస్తు వేయాలట. ఒక్కోదానికి ఫీజు 4,500. కొత్త పేరు పెడితే పాతవాళ్ళు గుర్తుపట్టరేమోనని టెన్షన్.

మధ్యలో పేరు మార్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాత పేరు కూడా లేబుల్ మీద ఎన్నాళ్ళు ఉంచారు? అన్నట్టు, నూనె తగిలినా ఊడని స్టిక్కర్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.