డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: గడ్డికి నిప్పంటుకుంటే ఆర్పేదెలా? సగం మంది పోయారు

ప్రశ్న:
పొట్టివాళ్ళతో (డ్వార్ఫ్‌లతో) కోట కట్టించే ఈ గేమ్‌లో అగ్నిపర్వతం పక్కనే కోట పెట్టాను, మాగ్మా దగ్గర్లో ఉంటే కొలిమికి బొగ్గు వెతుక్కునే పని ఉండదు కదా అని. ఫైర్ ఇంప్ (మాగ్మాలో ఉండే చిన్న నిప్పు భూతం) ఒకటి పైకొచ్చి నిప్పుముద్ద విసిరింది. అది ఎవరికీ తగల్లేదు, గడ్డి మీద పడింది, అంతే. చూస్తుండగానే సగం మ్యాప్ ఎర్రబడిపోయింది, గేమ్ నత్తనడక. కోటంతా రాయే కాబట్టి లోపల ఏమీ కాదులే అనుకున్నా, గుమ్మం దగ్గర పెట్టిన సారా పీపాలు పోయాయి, చెట్లు కొట్టడానికి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. విచిత్రం ఏంటంటే వాళ్ళు రక్తం పోయి చచ్చారట. అసలు మంట ఆర్పమని ఆర్డర్ ఎక్కడ ఇవ్వాలి? పాత సేవ్ ఉంది, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడగలను.

జవాబు:
అలాంటి ఆర్డర్ లేదు. వెతక్కండి. ఈ గేమ్‌లో మంటతో పోరాడరు, దానికి తిండి దొరక్కుండా చేస్తారు. గడ్డి ఉన్న గడి పక్కన ఇంకో గడ్డి గడి ఉంటే మంట పాకుతూనే ఉంటుంది, పొదలూ చెట్లూ కూడా అంటుకుంటాయి. కాలిపోయిన గడిలో మళ్ళీ గడ్డి మొలిచేదాకా అక్కడ కాలడానికి ఏమీ ఉండదు. కాబట్టి మీ సేవ్‌లో మొదటి పని, గుమ్మం చుట్టూ నాలుగైదు గడుల వెడల్పున కట్టుడు నేల వేయించండి. రాయి లేకపోతే చెక్కతోనైనా సరే. నవ్వకండి, ఈ గేమ్‌లో కట్టిన గోడలకూ నేలలకూ వేడి తగలదు, ఏ పదార్థంతో కట్టినా. మంచు దిమ్మెలతో గోడ కట్టి దాని వెనక మాగ్మా నిలబెట్టేవాళ్ళున్నారు. అయితే తలుపులు, వంతెనలు ఆ లెక్కలోకి రావు, వాటి పదార్థం ఏదైతే అదే గతి.

రక్తం పోవడం సంగతి: ఇక్కడ ప్రతి పదార్థానికీ అంటుకునే వేడి, కరిగే వేడి విడివిడిగా ఉంటాయి, కొవ్వుకి కూడా. ఒంటి మీద బట్టలు అంటుకుంటే లోపలి కొవ్వు కరిగిపోతుంది, గాయాల్లోంచి రక్తం కారుతుంది, మనిషి బూడిద కాకముందే ప్రాణం పోతుంది. పైగా మన పొట్టివాళ్ళకి ఒళ్ళు కాలుతోంది, పక్కనే వాగుంది, దూకుదాం అన్న ఆలోచన రాదు. గొడ్డలి పట్టుకుని పనిలోకే పోతారు.

మళ్ళీ ప్రశ్న:
ఓకే, ఇప్పుడు అర్థమైంది. కానీ మంట మొదలయ్యాక ఏం చెయ్యాలి? బకెట్లతో నీళ్ళు మోయిస్తే?

జవాబు:
వాళ్ళు బకెట్ పట్టుకుని చేరేసరికి ఆ గడి కాలి బూడిదై ఉంటుంది, వీళ్ళు తర్వాతి గడిలో కాలుతుంటారు. వెంటనే పాజ్ చేసి, గుమ్మం లోపలికి ఒక బరో (మనవాళ్ళు దాటకూడని హద్దు) గీసి అందరినీ అందులోకి రప్పించండి, వంతెన ఎత్తేయండి. బయట పడున్న సామాను మొత్తం ఫర్బిడ్ చెయ్యండి, అంటే ఎవరూ ముట్టుకోకుండా గుర్తు పెట్టండి. ఇది మర్చిపోతే మీ ప్లాన్ మొత్తం వృథా, ఎందుకంటే బయట చచ్చినవాడి సాక్స్ కోసం పదిమంది మోతగాళ్ళు వరస కడతారు. ఆ తర్వాత చూస్తూ కూర్చోవడమే. మ్యాప్ కాలిపోతుంది, గడ్డి మళ్ళీ వస్తుంది. సారా మాత్రం గుమ్మం దగ్గర పెట్టకండి, లోపల రాతి గదిలోకి మార్చండి.

ఇంకొకరు:
సెట్టింగ్స్‌లో టెంపరేచర్ ఆఫ్ చేస్తే టెన్షనే ఉండదు కదా, గేమ్ కూడా స్పీడ్ అవుతుంది.

జవాబు:
అవుతుంది, కాదనను. కానీ వేడి లెక్కే తీసేస్తే కోట మీదికొచ్చే గాబ్లిన్లని (శత్రువుల్ని) మాగ్మాతో కాల్చే ఉచ్చు దేనికి? అగ్నిపర్వతం పక్కన కోట పెట్టిన మనిషికి ఆ సలహా ఇవ్వడం నాకైతే నచ్చలేదు.

మళ్ళీ ప్రశ్న:
నాకూ ఆఫ్ చేయాలని లేదు. మాగ్మా కాలువ కోటలోకి తెస్తే ఇంప్ అందులోంచే వస్తుందా? తూము రాగితో చేయించాను, చాలా ఉంది కాబట్టి.

జవాబు:
వస్తుంది. అడ్డం లేకుండా కాలువ తెరవడం కొరివితో తల గోక్కోవడమే. దారిలో నిలువు కడ్డీలు పెట్టండి, మాగ్మా పారుతుంది, ఇంప్ రాలేదు.

రాగి మాత్రం వద్దు. ఈ గేమ్‌కి సొంత డిగ్రీలున్నాయి, ఆటగాళ్ళు యూరిస్ట్ అంటారు. ఫారన్‌హీట్‌కి 9968 కలిపితే చాలు, నీళ్ళు గడ్డకట్టేది 10000 దగ్గర, మరిగేది 10180 దగ్గర. మాగ్మా 12000. రాగి కరిగేది 11952, అంటే మాగ్మాకి కొద్ది తేడాలో కరిగిపోతుంది, బంగారం కూడా అంతే. ఇనుము 12768, ఉక్కు 12718, కాబట్టి కడ్డీలూ తూమూ రెండూ ఇనుముతో చేయించండి. తూముని మీటకి కలిపే మెకానిజం కూడా మాగ్మాకి తట్టుకునే రాయిదే కావాలి, బాక్సైట్ దొరికితే దాచుకోండి. చాలామంది తూము చూసుకుని మెకానిజం మర్చిపోతారు, అది పోతే తూము కూడా పోతుంది.

ఇంకొకరు:
డ్రాగన్ వస్తే కూడా ఇదేనా? ఉక్కు కవచం చాలా?

జవాబు:
డ్రాగన్ ఊపిరి 50000, గేమ్‌లోని మేటి లోహం ఆడమంటైన్ కూడా 25000కే కరుగుతుంది. కాబట్టి కవచం గురించి కాదు, డాలు గురించి ఆలోచించండి. డాలుతో ఆ మంటని అడ్డుకోవచ్చు, చెక్క డాలైనా పర్లేదు, పట్టుకున్నవాడికి డాలు నైపుణ్యం ఉండాలి. విల్లుకాళ్ళని ఫోర్టిఫికేషన్ (బాణాలు వేసే సందులున్న గోడ) వెనక నిలబెట్టి ధైర్యంగా ఉండకండి, బాణం బయటికి పోయే సందులోంచే మంట లోపలికి వస్తుంది. ఇక బయట గడ్డి మీద యుద్ధం పెట్టుకుంటే డ్రాగన్‌ని చంపినా వెనక అంటుకున్న గడ్డి మీ దళాన్ని చంపుతుంది, డ్రాగన్‌నే రాతి నేల వేసిన హాల్లోకి రానివ్వండి.