హెర్బ్ రాబర్ట్ ఆకుల ఘాటు నూనెలో నిలవడం లేదు

ఎర్రటి కాడలూ, ఐదు రేకుల గులాబీ రంగు పూలూ ఉండే హెర్బ్ రాబర్ట్ అనే అడవి జెరేనియం ఆకులను నలిపి ఒంటికి రాసుకుంటే దోమలు దరిచేరవని పూర్వం నుంచీ చెబుతారు. కాలిన రబ్బరును తలపించే ఆ ఘాటు అరగంటకు మించి నిలవకపోవడంతో ఆకులను నూనెలో ఊరబెట్టాను. పచ్చి ఆకులు వేసిన నూనె వారం తిరక్కుండానే మసకబారి, పైకి తేలిన ఆకులకు తెల్లటి బూజు పట్టింది. నీడలో గలగలలాడేలా ఎండబెట్టి వేస్తే బూజు రాలేదు గానీ, ఘాటు నూనెలోకి దిగనే లేదు. సన్నని సెగ మీద గంటసేపు కాచినప్పుడు వాసనంతా ఆవిరితోనే పోయింది. కషాయానికైతే ఎండు ఆకు సరిపోతుంది, దాని వగరు ఎండినా పోదు. నాకు కావలసింది ఆ ఘాటే. బూజు రాకుండా, ఘాటు పోకుండా ఉండాలంటే ఆకులను ఎంతసేపు వాడనిచ్చి నూనెలో వేయాలి?