చందా రద్దు కానివ్వని యాప్‌పై ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న నాన్నగారు బీపీ మాత్రలను ఫోనులో ఒక మందుల యాప్ ద్వారా తెప్పించుకుంటారు. నాలుగు నెలలుగా ఆయన ఖాతాలోంచి నెలనెలా 299 రూపాయలు పోతున్న సంగతి మొన్న పాస్‌బుక్ ప్రింటు వేయించాకే తెలిసింది. డబ్బు కట్టే తెరలో, మొత్తం సొమ్ముకు అడుగున, సన్నని బూడిదరంగు అక్షరాల పక్కన ఉన్న సభ్యత్వం గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. రద్దు చేయబోతే "ఈ లాభాలు వదులుకుంటారా?" అని మూడుసార్లు అడిగి, చివరకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయమంటోంది, అక్కడ ఎవరూ ఎత్తడం లేదు. పోయిన 1,196 రూపాయల కంటే, తానేదో పొరపాటు చేశానని నాన్నగారు నొచ్చుకోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. దీన్ని అడ్డుకునే చట్టం ఏదైనా ఉందా?

జవాబు (న్యాయవాది, జయనగర్)

పొరపాటు మీ నాన్నగారిది కాదండి, ఆ మాట ముందు ఆయనకు చెప్పండి. ముందే టిక్కు పెట్టిన గడిని కొనుగోలుదారు సమ్మతిగా నమోదు చేయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆపైన 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొనేవాళ్లను ఏమార్చేలా తెరలు అమర్చే 13 రకాల "డార్క్ ప్యాటర్న్"లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది; అడగని సరుకును బుట్టలో వేయడం, చేరడం తేలికగానూ బయటపడడం కష్టంగానూ ఉండే చందా ఉచ్చు, రెండూ అందులో ఉన్నాయి. ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి: 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంస్థ కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి రుసుము ఉండదు, గడువు రెండేళ్లు.

జవాబు (బ్యాంకు ఉద్యోగి)

ఉత్తరాలు నెమ్మదిగా రాసుకోవచ్చు, ముందు డబ్బు పోవడం ఆపండి. యూపీఐ యాప్‌లో ఆటోపే (నెలనెలా దానంతటదే డబ్బు కట్టే) విభాగం తెరిచి, ఆ అనుమతిని పిన్ కొట్టి రద్దు చేస్తే చాలు, సంస్థ ఒప్పుకోవలసిన పనిలేదు. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది కనుక, పాత మెసేజీలు చెరపకుండా ఉంచండి.

జవాబు (వైట్‌ఫీల్డ్)

నేను యాప్‌ల తెరలు రూపొందించే ఉద్యోగం చేస్తున్నాను. 2025 జూన్‌లో ఇదే ప్రాధికార సంస్థ, మూడు నెలల్లో తమ తెరలను తామే తనిఖీ చేసుకోవాలని ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. రద్దు మీటను నాలుగో తెరకు నెట్టిన వాళ్లే దాన్ని తనిఖీ చేస్తే ఏం బయటపడుతుంది? బయటివాళ్లు వచ్చి చూసే ఏర్పాటు ఉండాలని నా గట్టి అభిప్రాయం. మీ ఫిర్యాదుకు ప్రతి తెర ఫొటోనూ వరుసగా జతచేయండి. వాళ్లు రేపు ఆ తెరను మార్చేసినా, మీ దగ్గర ఆధారం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పిన్ నాన్నగారే కొట్టి ఆటోపే రద్దు చేశారు. పాత మెసేజీలు వెతికితే, డబ్బు పోయే ముందు రోజు వచ్చినవి నాలుగూ దొరికాయి. నాలుగూ ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఈ సంగతిని కూడా ఫిర్యాదులో రాస్తున్నాను.